మట్టిలో దాచిన సాక్ష్యము

ధ్యానభాగములు: ఆదికాండము 4:1-16, యిర్మీయా 32:6-15, యోహాను 20:19-29



కయీను తన తమ్ముని పొలములో చంపిన తరువాత దేవుడు అతనిని ఒక ప్రశ్న అడిగెను. నీ తమ్ముడు ఎక్కడనని అడిగెను. సర్వము నెరిగిన దేవునికి ఆ సంగతి తెలియక అడుగలేదు. కయీను నోట సత్యము రావలెనని అడిగెను. కయీను తనకు తెలియదనెను. మనుష్యుడు బొంకినప్పుడు నేల మాటలాడెను. హేబెలు రక్తము నేలలోనుండి దేవునికి మొఱపెట్టుచున్నదని లేఖనము చెప్పుచున్నది. చంపినవాడు మరచిపోవచ్చును. చూచినవారు నోరు మూసికొని యుండవచ్చును. దున్నిన నేల, విత్తిన నేల మాత్రము మరువదు. సేద్యము చేసికొని బ్రదుకు మనకు ఈ మాట తేలికగా అర్థమగును.

యుద్ధములను, మారణకాండలను కన్నులార చూచి ప్రాణములతో మిగిలినవారి మాటలను మనము ఎట్లు వినవలెను, ఎట్లు కాపాడవలెను అను సంగతిని ఈ నెల ధ్యానించుదము. ఇది ఎక్కడనో జరిగిన దూరపు సంగతి కాదు. మన గ్రామములలో అట్టివారు ఇంకను కొద్దిమంది యున్నారు. 1948లో పదియేండ్ల పిల్లగా నున్న అవ్వకు ఇప్పుడు తొంబది యేండ్లు దగ్గరపడుచున్నవి. ఆమె వాకిట మంచముమీద కూర్చుండి యున్నది. మనము దండము పెట్టి, ఆరోగ్యము అడిగి, ప్రార్థన చేసి లేచి వచ్చుచున్నాము. ఆమె చూచినది ఏమని అడుగువారు ఎందరు?

మన నేల ఏమి చూచినదో మొదట జ్ఞాపకము చేసికొందము.

జనగామ ప్రాంతములో కడవెండి యను గ్రామమున్నది. 1946 జూలై 4న అక్కడ విసునూరు దేశముఖు మనుష్యుల కాల్పులలో దొడ్డి కొమరయ్య చనిపోయెను. అదే ప్రాంతపు పాలకుర్తిలో చాకలి కులమునకు చెందిన చిట్యాల ఐలమ్మ తాను సేద్యము చేసిన చేను పంటను దొరకు ఇయ్యనని నిలువబడెను. భూపాలపల్లికి పోవు దారిలోనున్న పరకాలలో 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగురవేయుటకు కూడిన జనముమీద నిజాము పోలీసులును రజాకార్లును కాల్పులు జరిపిరి. ఇరువదిమందికి పైగా చనిపోయిరని చెప్పుదురు. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున బైరాన్‌పల్లిమీద రజాకార్లు, నిజాము బలగములు విరుచుకుపడిరి. అది ఆ దినములలో జనగామ తాలూకాలోని గ్రామము, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో నున్నది. ఊరివారు బురుజుమీద కావలి కాచి, వడిసెలలతోను నాటు తుపాకులతోను అంతకుముందు దాడులను ఎదిరించి యుండిరి. ఆ దినమున పెద్ద తుపాకుల ముందర బురుజు నిలువలేదు. మగవారిని పట్టి, వరుసగా నిలువబెట్టి కాల్చిరి. సుమారు నూరుమంది ఒక్క ఉదయమున పోయిరి. స్త్రీలకు జరిగిన అవమానము వ్రాయుటకు మాకు చేయి రాదు. ఆ బురుజు నేటికిని ఉన్నది.

మానుకోట మొదలు గోదావరి ఒడ్డు దాకా పరచుకొనియున్న అడవులలో 1951 అక్టోబరులో పోరాటము విరమించువరకు దళములు తిరిగెను, సైన్యము వాటిని వెదకెను. ఆ నడుమ చిక్కుకొన్న గూడెములవారు ఎందరో ఎన్నో విధముల శ్రమపడిరి. రాత్రి ఒకరికి అన్నము పెట్టినందుకు పగలు మరియొకరిచేత దెబ్బలు తిన్న ఇండ్లు ఎన్నో గలవు.

యుద్ధమునకు పోయినవారిని కూడ జ్ఞాపకము చేసికొందము. రెండవ ప్రపంచ యుద్ధములో భారత సైన్యమున చేరినవారు సుమారు 25 లక్షలమంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునుండి ఎంతమంది పోయిరనగా ఆ గ్రామమునకు మిలిటరీ మాధవరము అను పేరే నిలిచిపోయెను. మన హైదరాబాదు సంస్థానపు పదాతి దళము కూడ సముద్రము దాటి మలయాకు పోయెను. 1941 డిసెంబరు 8న జపాను సేనలు కోట బహరు తీరమున దిగినప్పుడు అక్కడి విమానాశ్రయమును కాచుచున్నవారిలో ఈ దళమువారు ఉండిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినప్పుడు వేలకొలది భారత సిపాయిలు చెరపట్టబడిరి.

మలయా రబ్బరు తోటలలో కూలికి పోయిన తమిళులను, తెలుగువారిని జపానువారు సయాము బర్మా రైలుదారి పనికి తరలించిరి. ఆ దారి పొడవు 415 కిలోమీటర్లు. 1943 అక్టోబరులో దానిని ముగించిరి. కలరాచేతను, మలేరియాచేతను, ఆకలిచేతను, దెబ్బలచేతను ఆ పనిలో పండ్రెండు వేలకు పైగా యుద్ధఖైదీలు చనిపోయిరి. కూలీలలో చనిపోయినవారు దాదాపు తొంబదివేలమంది యుందురని అంచనా. ప్రియులారా, ఇక్కడ ఒక భేదమును గమనించుడి. ఆ తెల్లసిపాయిలలో మిగిలినవారు తమ దేశములకు పోయి గ్రంథములు వ్రాసిరి. చనిపోయినవారికి పేరుపేరున సమాధిరాళ్లు నిలిచినవి. వారికంటె ఎన్నోరెట్లు ఎక్కువగా చనిపోయిన కూలీలకు పేరు వ్రాసిన రాళ్లు లేవు. చదువు రానివాడు చూచినది అతనితోనే మట్టిలో కలిసిపోయెను. అడిగి వ్రాసికొనువారు లేకపోవుటయే దానికి కారణము.

ఇప్పుడు ఐరోపా ఖండమువైపు మన కన్నులు త్రిప్పుదము. అదే యుద్ధకాలములో హిట్లరు పాలించిన జర్మనీ దేశము యూదులను, కేవలము యూదులై పుట్టినందుకే, భూమిమీద లేకుండ చేయవలెనని పూనుకొనెను. పసిబిడ్డలను, వృద్ధులను, గర్భవతులను సహా అరువది లక్షలమందిని చంపిరి. దీనినే లోకము హోలోకాస్టు అని పిలుచుచున్నది. పోలండులోని ఆష్విట్స్ అను ఒక్క శిబిరములోనే పది లక్షలకు పైబడి చంపబడిరి. 1945 జనవరి 27న రష్యా సిపాయిలు ఆ గేటు తెరచినప్పుడు లోపల ప్రాణములతో మిగిలియున్నవారు సుమారు ఏడువేలమంది మాత్రమే.

దీనిని చేసినవారు అడవిజనులు కారు. చదువుకొన్నవారు. వారిలో అనేకులు బాప్తిస్మము పొందినవారు. ఆదివారమున గుడిగంట మ్రోగుచుండగా సోమవారమున రైళ్లు శిబిరములకు పోవుచుండెను. కొందరు సేవకులు ఎదిరించి చెరసాలకు పోయిరి, కొందరు ప్రాణములు అర్పించిరి. సంఘములో ఎక్కువమంది మౌనముగా నుండిరి. యుద్ధము ముగిసిన తరువాత 1945 అక్టోబరులో జర్మను ప్రొటెస్టంటు సంఘ నాయకులు స్టుట్‌గార్టు పట్టణమున కూడి, తాము మరింత ధైర్యముగా సాక్ష్యమియ్యలేదని, మరింత ప్రేమింపలేదని బహిరంగముగా ఒప్పుకొనిరి. నేను నా తమ్మునికి కావలివాడనా అని కయీను అడిగిన ప్రశ్న సంఘములో కూడ వినబడగలదని మనము భయముతో తెలిసికొనవలెను.

ఆ చీకటిలో సాక్ష్యమును కాపాడినవారి సంగతి వినుడి. పోలండు రాజధానియైన వార్సాలో లక్షలాది యూదులను గోడకట్టిన ఒక పేటలో బంధించియుండిరి. అక్కడ ఇమాన్యుయేలు రింగెల్‌బ్లూము అను చరిత్ర పండితుడు కొందరిని కూర్చుకొని రహస్యముగా ఒక పని చేసెను. పేటలో జరుగునది అంతయు వ్రాయించెను. పెద్దల దినచర్యలు, బడిపిల్లల వ్యాసములు, ట్రాము టికెట్లు, మిఠాయి చుట్టిన కాగితములు సహా పోగుచేయించెను. తాము బ్రదుకమని తెలిసినప్పుడు ఆ కాగితములను రేకు పెట్టెలలోను, పాల క్యానులలోను పెట్టి నేలలో పాతిపెట్టిరి. 1944లో రింగెల్‌బ్లూమును చంపిరి. అతనితో పనిచేసిన దాదాపు అరువదిమందిలో మిగిలినవారు ముగ్గురే. వారు చూపగా 1946లో రేకు పెట్టెలు దొరికెను. 1950లో పాల క్యానులు దొరికెను. మూడవచోట పాతినది నేటికిని దొరకలేదు.

పాల క్యాను మన ఇండ్లలో నున్న వస్తువే. ఈ సంగతి తలంచునప్పుడెల్ల మాకు యిర్మీయా ప్రవక్త జ్ఞాపకమునకు వచ్చును. యెరూషలేమును శత్రువులు ముట్టడించియుండగా, దేశమంతయు పోవుచుండగా, దేవుడు అతనిని ఒక పొలము కొనుమని చెప్పెను. కొన్న పత్రమును మట్టికుండలో పెట్టి, బహుదినములు నిలుచునట్లు దాచుమనెను. పట్టా పత్రము ఎంత విలువైనదో మనకు తెలియును. ఎలుక కొట్టకుండ, వాన తడియకుండ దాచుదుము. అది పోయిన నేల పోవునని భయపడుదుము. కష్టము ననుభవించినవారి మాట కూడ అట్టి పత్రమే. అది పోయినయెడల జరిగినది జరుగలేదని చెప్పువారు లేతురు. దీనిని ఒక సేనాధిపతి ముందే గ్రహించెను. 1945 ఏప్రిలు 12న అమెరికా సేనల నడిపిన ఐసెన్‌హోవరు ఓర్‌డ్రుఫ్ అను శిబిరమునకు పోయి ప్రతి మూలను చూచెను. తరువాతి కాలమున ఎవరైనను ఇది కట్టుకథ యనినయెడల తాను చూచిన సాక్షిగా నిలువవలెననియే చూచితినని తన పైవారికి వ్రాసెను. విలేఖరులను, ప్రజాప్రతినిధులను రప్పించి చూపించెను. యుద్ధము చేయ వచ్చిన సిపాయి సాక్షి యాయెను.

అయినను చూచినవారందరు వెంటనే మాటలాడలేదు. ఎలీ వీజెలు అను బాలుని పదునైదవ యేట తల్లిదండ్రులతోను అక్కచెల్లెండ్రతోను ఆష్విట్స్‌నకు కొనిపోయిరి. తల్లియు చిన్న చెల్లెలును అక్కడనే పోయిరి, తండ్రి మరియొక శిబిరమున పోయెను. విడుదలైన తరువాత అతడు ఆ సంగతి వ్రాయకుండ పది సంవత్సరములు ఊరకుండెను. ఇటలీ దేశస్థుడైన ప్రిమో లెవీ ఇంటికి రాగానే వ్రాసెను. పేరుగల ప్రచురణకర్తలు దానిని వద్దనిరి. 1947లో ఒక చిన్న ముద్రాలయము 2,500 ప్రతులు మాత్రము వేసెను. శిబిరములో నున్నప్పుడు అతనికి మరల మరల ఒక కల వచ్చెడిదట. తాను ఇంటికి చేరి, పడిన బాధలన్నియు తనవారికి చెప్పుచుండగా వారు వినిపించుకొనక లేచి పోవుచున్నట్టు ఆ కల. ఆకలికంటె, చలికంటె ఆ కలయే భయంకరము. ప్రియులారా, మన ఇంటి అవ్వకు, తాతకు కూడ అట్టి కల వచ్చుచున్నదేమో ఎవరు చెప్పగలరు?

మన పెద్దలు ఎందుకు మాటలాడరు? మేము గ్రామములలో తిరుగుచు గమనించినంతవరకు మూడు కారణములు కనబడుచున్నవి. ఒకటి భయము. కొట్టినవారి సంతానము ఇంకను అదే ఊరిలో నున్నది. అదే బావి, అదే బడి. రెండవది సిగ్గు. స్త్రీకి జరిగిన అన్యాయమునకు లోకము స్త్రీనే నిందించును గనుక ఆమె దానిని కడుపులో దాచుకొనును. మూడవది, ఎవరును అడుగకపోవుట. వెట్టిచాకిరి చేసినవాని మాటను చరిత్ర యని ఎవరు అనుకొనిరి? "యాదికొస్తె బుక్క దిగది అయ్యగారూ" యని ఒక ముసలవ్వ మాతో ననెను. ఆ ఒక్క మాటలో ఆమె డెబ్బది యేండ్లు మోసిన బరువంతయు నుండెను. అయినను అడిగినచోట వారు చెప్పిరి. తెలంగాణ పోరాటములో పాల్గొన్న స్త్రీలను కొందరు సోదరీమణులు కలిసికొని, వారి నోటిమాటలను వ్రాసికొని, 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథముగా 1986లో ప్రచురించిరి. ఐలమ్మ మాట అందులో నున్నది. అడవిలో పసిబిడ్డను విడిచిపెట్టవలసి వచ్చిన తల్లి మాట అందులో నున్నది. ఐలమ్మ 1985లో కన్నుమూసెను. ఒకటి రెండు సంవత్సరములు ఆలస్యమైనయెడల ఆ మాట మనకు దక్కియుండదు.

అయితే వినువారు ఎట్లు వినవలెను? నాలుగు సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది, క్షమింపుమని తొందరపెట్టకూడదు. సేవకులకును విశ్వాసులకును ఇది ముఖ్యమైన హెచ్చరిక. దుఃఖము చెప్పువారు నోరు తెరచిన వెంటనే, "పోనీ తల్లీ, క్షమించుము, మరచిపొమ్ము" అనుట మనకు అలవాటు. అది భక్తివలె కనబడును గాని అనేకసార్లు మనము వినలేకయే అట్లు అనుచున్నాము. హాలెండు దేశపు కోరీ టెన్ బూమ్ సంగతి మీలో అనేకులు వినియుందురు. ఆమె కుటుంబము గడియారముల దుకాణము నడుపుకొనుచు తమ ఇంట యూదులను దాచెను. 1944 ఫిబ్రవరి 28న వారందరిని పట్టుకొనిరి. తండ్రి పది దినములకే చెరలో చనిపోయెను. అక్క బెట్సీ అదే సంవత్సరము డిసెంబరులో రావెన్స్‌బ్రూకు శిబిరమున చనిపోయెను. 1947లో కోరీ జర్మనీ పోయి మ్యూనికు పట్టణమున దేవుని క్షమాపణనుగూర్చి చెప్పినప్పుడు, ఆ శిబిరములో కావలియున్న మనుష్యుడే ముందుకు వచ్చి, తనను క్షమింపుమని చేయి చాచెను. ఆమె చేయి లేవలేదు. అక్క ముఖము కన్నులయెదుట నిలిచెను. తనకు శక్తి లేదని, నీవే ఇమ్మని లోలోపల ప్రార్థించి, అతికష్టముమీద చేయి అందించెను. అప్పుడే ప్రేమ తనలోనికి వచ్చెనని ఆమె సాక్ష్యము.

దీని ప్రక్కనే మరియొక సాక్ష్యమును పెట్టి చూడుడి. సైమను వీజెంతాలు అను యూదుడు శిబిరమున ఖైదీగా నున్నప్పుడు, చావబోవుచున్న ఒక నాజీ సిపాయి అతనిని మంచమునొద్దకు పిలిపించి, తాను యూదుల కుటుంబములను ఎట్లు చంపెనో చెప్పి క్షమాపణ అడిగెను. వీజెంతాలు అంతయు విని, ఒక్క మాటయు పలుకక లేచి వెళ్లెను. చనిపోయినవారి పక్షమున క్షమించుటకు తనకు అధికారమున్నదా అని జీవితమంతయు ఆలోచించెను. ఆ ప్రశ్నను గ్రంథముగా వ్రాసి, మీరైన ఏమి చేసియుందురని లోకమును అడిగెను. మేము కోరీని పొగడి వీజెంతాలును తప్పుపట్టుటకు ఈ సంగతులు చెప్పలేదు. కోరీ తనకు తగిలిన గాయమును తానే క్షమించెను. ఆమె చేతిని మరియెవరును పట్టి లేవనెత్తలేదు. క్షమాపణ గాయపడినవారి చేతిలోని వరము. ప్రక్కనున్నవారు దానిని వారి చేతిలోనుండి లాగికొనుటకు వీలులేదు. రిస్పా యను తల్లిని జ్ఞాపకము చేసికొనుడి. ఆమె సంగతి రెండవ సమూయేలు 21వ అధ్యాయములో నున్నది. ఆమె కుమారులను కొండమీద వ్రేలాడదీసిరి. యవలకోత మొదలుకొని వానలు పడువరకు ఆమె గోనెపట్ట పరచుకొని, పగలు పక్షులను, రాత్రి మృగములను తోలుచు ఆ దేహములను కాచెను. ఆమె ఒక్క మాట యనినట్లు లేఖనములో లేదు. ఊరుకొమ్మని దేవుడు ఆమెను గద్దింపనులేదు. రాజు ఆమె చేసినది విని, ఎముకలను కూర్చి సమాధి చేయించెను. ఆ తరువాతనే దేవుడు దేశముకొరకు చేయబడిన మనవి నంగీకరించెను. మొదట న్యాయము, మర్యాద; ఆ మీదట దీవెన.

రెండవది, పక్షపాతము లేకుండ వినవలెను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము సంస్థానములో ప్రవేశించెను, 17న నిజాము లొంగిపోయెను. మన ప్రాంతములో అనేకులకు అది విడుదల దినము. అయితే ఆ దినములలోనే ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఏ పాపము నెరుగని ముస్లిములు గుంపులు గుంపులుగా చంపబడిరి. ప్రధాని నెహ్రూ పంపగా పండిత సుందరలాలు మొదలగువారు తిరిగి విచారించి, చనిపోయినవారు తక్కువలో తక్కువ 27,000 మొదలు 40,000 వరకు ఉందురని వ్రాసిరి. ఆ నివేదిక దశాబ్దములతరబడి బయటికి రాక, 2013లో మాత్రమే చదువుటకు దొరికెను. బైరాన్‌పల్లి తల్లి కన్నీటిని తుడువగోరువాడు బీదరు తల్లి కన్నీటిని కాదనలేడు. రజాకారు చేసిన పాపమునకు నేడు మన ఊరిలో సైకిలు బాగుచేయు ముస్లిము సోదరుడు లెక్క అప్పగింపవలసినవాడు కాడు. ఒకరి సాక్ష్యమును మరియొకరిమీద రాయివలె విసరువాడు ఆ సాక్ష్యమును కాపాడుటలేదు, దానిని చెరుపుచున్నాడు. హిట్లరు కూడ తన జనులకు పాత గాయములనే చూపి క్రొత్త హత్యలు చేయించెను.

మూడవది, సత్యము తప్పకుండ వినవలెను. చూచినది వేరు, విన్నది వేరు. తాత తాను చూచినది చెప్పినప్పుడు చూచినట్లే వ్రాయుడి. ఎవరో చెప్పగా విన్నది విన్నట్లే వ్రాయుడి. లెక్క పెంచకుడి, తగ్గింపకుడి. దుఃఖమునకు అలంకారము అక్కరలేదు. ఇద్దరి ముగ్గురి సాక్ష్యమువలన ప్రతి మాట స్థిరపడవలెనని ధర్మశాస్త్రము విధించెను. ఒకరు తేదీ మరచినయెడల వారిని అబద్ధికులని అనుకొనకుడి. ఏ పండుగ దగ్గర, ఏ కోత కాలమున, పోలీసు చర్యకు ముందా తరువాతనా అని నెమ్మదిగా అడిగినయెడల కాలము తేలును.

నాల్గవది, వ్రాసి దాచవలెను. యెహోయాకీము రాజు ప్రవక్త గ్రంథమును చాకుతో కోసి కుంపటిలో కాల్చినప్పుడు, బారూకు మరియొక చుట్ట తీసికొని యిర్మీయా చెప్పగా మరల అంతయు వ్రాసెను. మన సంఘములకు బారూకులు కావలెను. మన ఇండ్లలో చదువుకొన్న పిల్లలున్నారు. చేతిలో ఫోనున్నది, అందులో మాటను పట్టి యుంచవచ్చును. సాయంకాలము పని ముగిసిన తరువాత ఒక పెద్ద, ఒక యౌవనస్థుడు కలిసి పోవలెను. ముందుగా ఇంటివారి అనుమతి అడుగవలెను. చెప్పనన్న సంగతిని త్రవ్వకూడదు. అవ్వల యొద్దకు స్త్రీలే పోవలెను, పదిమందిలో అడుగకూడదు. వ్రాసిన పిమ్మట వారికి చదివి వినిపించి, ఉంచవలెనా తీసివేయవలెనా అని వారినే అడుగవలెను. గుడి బీరువాలో రిజిస్టర్లతోపాటు ఒక నోటుపుస్తకమునకు చోటు దొరకదా? డోర్నకలులో 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ దేవాలయమును చూచి, మన పెద్దలు రాతితో ఎంత చక్కగా కట్టిరని మెచ్చుకొనుచున్నాము. వారి మాటలతో కూడ ఒక ఇల్లు కట్టవలసియున్నది. యొర్దాను దాటినప్పుడు యెహోషువ పండ్రెండు రాళ్లు నిలువబెట్టించెను. ఎందుకనగా, ఈ రాళ్లు ఏమిటని పిల్లలు అడుగుదురు, అప్పుడు పెద్దలు చెప్పవలెను. రాయి ఒక్కటే చాలదు. చెప్పు నోరు కావలెను.

చివరగా మన ప్రభువు వైపు చూతము. ఆయన మృత్యువును గెలిచి లేచిన సాయంకాలమున శిష్యులు తలుపులు వేసికొని భయముతో నుండిరి. ఆయన వారి మధ్య నిలిచి సమాధానమని పలికి, వెంటనే తన చేతులను ప్రక్కను చూపెను. మహిమ శరీరమునందు కూడ మేకుల గురుతులు నిలిచియుండెను. దేవుడు తలచిన యెడల వాటిని చెరిపివేయలేడా? చెరుపలేదు. పునరుత్థానము గాయమును మాన్పెను గాని, గాయము జరుగలేదని అనలేదు. తోమా తాకి చూడనిదే నమ్మననినప్పుడు ప్రభువు కోపపడక, తన ప్రక్కను తానే అతనికి చూపెను. కాబట్టి గాయములను చూపువారిని చూచి మనము ముఖము త్రిప్పుకొనినయెడల, లేచిన ప్రభువును చూచి ముఖము త్రిప్పుకొన్నట్లే. "జరిగినదేదో జరిగినది, ఇప్పుడెందుకు" అను మాట భక్తిగలవారి నోట రాదగినది కాదు. సమాధానము పలికిన ప్రభువే గాయములు చూపెను; ఈ రెండింటిని ఆయన వేరుచేయలేదు.

ప్రియులారా, కోతకాలము దాటినచో చేనిలో గింజలు రాలిపోవునని మీకు ఎవరును చెప్పనక్కరలేదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి గ్రామములలో ఈ సాక్ష్యమను పంట ఇంక కొద్ది చేలలోనే మిగిలియున్నది. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మీ ఊరిలో ఎనుబదియైదు యేండ్లు దాటినవారు ఎవరెవరున్నారో లెక్కచూచుడి. వారు మన సంఘమువారైనను కాకపోయినను, ఏ కులమువారైనను ఏ మతమువారైనను పోయి వారి ప్రక్కన కూర్చుండుడి. బోధింపవద్దు. ఓదార్చుటకు తొందరపడవద్దు. అడిగి, ఊరకుండి వినుడి. నీ సహోదరుడు ఎక్కడనని దేవుడు అడుగునప్పుడు, తెలియదని కాక, ప్రభువా, అతని మాట మాయొద్ద భద్రముగా నున్నదని చెప్పగలవారమగుదుము గాక.

ప్రార్థన: హేబెలు రక్తపు మొఱ విన్న దేవా, మా నేలలో పాతిపెట్టబడిన మాటలను నీవు ఎరుగుదువు. మాటలాడుటకు భయపడువారికి ధైర్యమును, వినవలసిన మాకు ఓర్పును దయచేయుము. మా పెద్దల కన్నీటిని ద్వేషమునకు వాడుకొనకుండ మమ్మును కాపాడుము. మా పిల్లలు అట్టి దినములు మరల చూడకుండునట్లు సత్యమును వారి చేతికి అప్పగింప మాకు సహాయము చేయుము. గాయపడిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.